కొత్త దేశంలో వేరు తొడగడం ఎలా?

మన ఉత్తరాంధ్ర వారికి పరదేశయానం కొత్త సంగతి కాదు. మన రుషికొండకి ఒక పక్కనున్న భీమునిపట్నం, మరో పక్కనున్న విశాఖపట్నం, ఇంకా కళింగపట్నం, కాకినాడ రేవుల నుంచి ఒకప్పుడు వేలాదిమంది స్టీమర్లెక్కి రంగూన్ వెళ్ళేవారు. పల్లెల్లో దాన్ని "రంగం వెళ్ళడం" అనేవారు. రంగూన్ రేవులో బస్తాలు మోసినవారు, బియ్యం మిల్లుల్లో పనిచేసినవారు, రిక్షాలు లాగినవారు మన వాళ్ళలో చాలామంది. గోదావరి ముఖాన ఉన్న కోరంగి రేవు పేరును బట్టి అక్కడివారు వీళ్ళని 'కోరంగీలు' అని పిలిచేవారు.

వాళ్ళు కష్టానికి వెనుదీసిన వాళ్ళు కారు. మరి లోటు ఎక్కడుంది? చాలామంది మేస్త్రీ దగ్గర అడ్వాన్సు పుచ్చుకుని బయలుదేరినవారు. పని చూపించేది మేస్త్రీ, కూలి పంచేది మేస్త్రీ, అప్పు లెక్క రాసేది కూడా మేస్త్రీయే. 1930 మే నెలలో రేవు కూలీల సమ్మె తరువాత బర్మా కూలీలకి, తెలుగు కూలీలకి మధ్య ఘోరమైన అల్లర్లు జరిగాయి. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక, 1942లో ఎందరో కొండలూ అడవులూ దాటి కాలినడకన ఇండియా చేరారు. 1948లో స్వతంత్ర బర్మా పౌరసత్వ చట్టం చేసినప్పుడు, అక్కడున్న భారతీయుల్లో చాలామంది ఆ కాగితం తీసుకోలేదు. 1962లో సైనిక ప్రభుత్వం వచ్చింది. తరువాత వ్యాపారాలు జాతీయమయ్యాయి. 1964 మే నెలలో 50, 100 క్యాట్ల నోట్లు రద్దయ్యాయి. జీవితమంతా కూడబెట్టినది అక్కడే వదిలి ఎంతోమంది ఓడలెక్కారు. విశాఖలో కంచరపాలెం దగ్గర 'బర్మా క్యాంపు' అన్న పేరు ఈనాటికీ ఆ కథ చెబుతూనే ఉంది.

ఇదంతా వారి తప్పు అని నా ఉద్దేశం కాదు. యుద్ధం వస్తే, ప్రభుత్వం మారితే ఒక కూలీ ఏం చేయగలడు? కాని మన చేతిలో ఉన్న విషయాలు మూడున్నాయి. కాగితం మన పేరున, మన చేతిలో ఉండాలి. బతుకు ఒక్క మధ్యవర్తి మీద ఆధారపడకూడదు. చుట్టూ ఉన్న మనుషులతో మాటా మంచీ ఉండాలి. నేటి మేస్త్రీ పేరు ఏజెంటు కావచ్చు, కన్సల్టెన్సీ కావచ్చు, ముందు వెళ్ళిన రూమ్మేటు కావచ్చు. పేరు మారినా పాఠం అదే.

నేను బి.యస్సీ. విద్యార్థిని. ఇంతవరకు విమానం ఎక్కినవాణ్ణి కాను. కాని నా క్లాసులో సగంమంది అమెరికా, జర్మనీ మాటలే మాట్లాడుతున్నారు. మా ఊరి కుర్రాళ్ళు వెల్డింగ్, ఫిట్టింగ్ పనులకి గల్ఫ్ వెళ్తున్నారు. మా వంటి వ్యవసాయ కుటుంబాల్లో ఆ ప్రయాణానికి తాకట్టు పడేది భూమి. కనుక వెళ్ళినవారిని అడిగి, నియమాలు చదివి తెలుసుకున్న నాలుగు సంగతులు మిత్రుల ముందుంచుతున్నాను.

1. బయలుదేరక ముందు

పదో తరగతి పాసు కానివారి పాస్‌పోర్టు ఇ.సి.ఆర్. తరగతిలోకి వస్తుంది. అటువంటివారు గల్ఫ్ దేశాల వంటి చోట్లకి పనికి వెళ్ళాలంటే 1983 వలసల చట్టం కింద ముందుగా ప్రభుత్వ అనుమతి ఉండాలి. ఇది 'ఇ-మైగ్రేట్' పద్ధతిలో జరుగుతుంది. ఏజెంటుకి లైసెన్సు ఉందో లేదో అక్కడే చూసుకోవచ్చు. లైసెన్సున్న ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జి.యస్.టి. మాత్రమే. అంతకు మించి అడిగితే అక్కడే ఆగాలి. 'విజిట్ వీసా మీద వెళ్ళు, పని తరువాత చూద్దాం' అన్నవాడి మాట అసలే వినకూడదు. ఈ తరగతి వారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. ప్రమాదంలో మరణించినా, శాశ్వతంగా అంగవైకల్యం కలిగినా 10 లక్షల రూపాయల బీమా. రెండేళ్ళకి ప్రీమియం 275 రూపాయలు.

చదువుకి వెళ్ళేవారు మార్కుల జాబితాలు, డిగ్రీ, పుట్టిన తేదీ ధ్రువపత్రం అన్నింటిలోను పేరు ఒకే విధంగా ఉందేమో ముందుగా సరిచూసుకోవాలి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరం, మరోచోట పూర్తి పేరు అయితే ప్రతి కౌంటరు దగ్గరా చిక్కే. అపోస్టిల్ ముద్రని ఒప్పుకొనే దేశాల ఒప్పందంలో భారతదేశం 2005 నుంచి ఉంది. ఆ ఒప్పందంలో లేని దేశానికి వెళ్ళేవారు ఆ దేశపు రాయబార కార్యాలయం ముద్ర వేయించుకోవాలి. అన్ని కాగితాల నకళ్ళు మూడు సెట్లు తీసి ఒకటి ఇంట్లో ఇచ్చి వెళ్ళాలి.

సామాను విషయంలో ఒక హెచ్చరిక. అమ్మ మసాలాలో పోసే గసగసాలు యు.ఎ.ఇ.లో నిషిద్ధం. కొద్దిపాటి దొరికినా కేసే. కొన్ని నొప్పి మాత్రలకీ, దగ్గు మందులకీ అక్కడ ఆంక్షలున్నాయి. డాక్టరు చీటీ లేకుండా మందులు పట్టుకెళ్ళవద్దు. ఇంకొకరు ఇచ్చిన పొట్లం, విప్పి చూడకుండా, ఎంత దగ్గరివారిదైనా పట్టుకెళ్ళవద్దు.

2. మొదటి నెల

వరి నారు పీకి నాటినప్పుడు వేళ్ళు కొంత తెగుతాయి. ఉభాలయిన వారం పది రోజులు మడి పసుపుపచ్చగా కనబడుతుంది. కొత్త వేరు తొడిగాక గాని పచ్చబడదు. ఆ రోజుల్లో రైతు పలచగా నీరు పెట్టి కాచుకుంటాడు. మనిషికి కూడా మొదటి నెల అటువంటిదే. అప్పుడు చేయవలసిన పనులు చిన్నవి, కాని ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటాయి.

జర్మనీలో ఇల్లు చేరిన రెండు వారాల్లో ఊరి కార్యాలయంలో చిరునామా నమోదు చేయించాలి. దానికి ఇంటి యజమాని రాసిచ్చిన ధ్రువీకరణ కావాలి. ఆ నమోదు మీదనే పన్ను నంబరు వస్తుంది. వీసాకి చూపే బ్లాక్డ్ అకౌంటు సొమ్ము 2024 సెప్టెంబరు నుంచి ఏడాదికి 11,904 యూరోలు. అందులోంచి నెలకి 992 మాత్రమే చేతికొస్తాయి. బాడుగ, తిండి, ఆరోగ్య బీమా అన్నీ అందులోనే. ఇంటికొకటి చొప్పున నెలకి 18.36 యూరోల ప్రసార రుసుము ఉంటుంది. ఆ ఉత్తరం వస్తే పారేయకండి.

అమెరికాలో ఎఫ్-1 విద్యార్థి ముందుగా కాలేజీలో హాజరు నమోదు చేయించుకోవాలి. ఇల్లు మారితే 10 రోజుల్లో కాలేజీ అధికారికి తెలపాలి. క్లాసులు జరిగే రోజుల్లో కాంపస్‌లో వారానికి 20 గంటలకి మించి పని చేయకూడదు. అనుమతి లేకుండా బయట పని చేస్తే వీసాకే ముప్పు. సోషల్ సెక్యూరిటీ నంబరు పని దొరికాక వస్తుంది, దాన్ని అందరికీ చెప్పకూడదు. సంపాదన లేకపోయినా 8843 అనే పన్ను ఫారం పంపాలి.

గల్ఫ్ వెళ్ళినవారు ఆ దేశపు గుర్తింపు కార్డు వెంటనే చేయించుకోవాలి. యు.ఎ.ఇ., ఖతర్ చట్టాల ప్రకారం యజమాని కార్మికుడి పాస్‌పోర్టుని అట్టేపెట్టుకోరాదు. ఒప్పందం నకలు ఒకటి మీ దగ్గర, ఒకటి ఇంట్లో ఉండాలి.

బ్యాంకు ఖాతా మీ పేరునే తెరవండి. బాడుగ ఒప్పందంలో మీ సంతకం, మీ పేరు ఉండాలి. 'అన్నయ్య పేరున ఉంది గదా' అంటే, ఆ అన్నయ్య వేరే ఊరు వెళ్ళిన రోజున మీకు ఇల్లూ ఉండదు, రుజువూ ఉండదు.

3. ఇంటి సంగతులు – కొంచెం సైన్సు

మన దేశంలో కరెంటు 230 వోల్టులు, అమెరికాలో 120 వోల్టులు. వేడి పుట్టించే పరికరంలో పవరు వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుందని ఇంటర్మీడియట్‌లోనే చదివాం. ఇక్కడి 500 వాట్ల రైస్ కుక్కరు అక్కడ పెడితే సుమారు 136 వాట్లే ఇస్తుంది. బియ్యం నానుతుంది గాని ఉడకదు! కనుక కుక్కరు, మిక్సీ మోసుకెళ్ళడం వృథా. ఫోను ఛార్జరు మీద 100–240 అని రాసి ఉంటే దానికి భయం లేదు.

విశాఖలో డిసెంబరు 21న పగలు సుమారు 11 గంటలు. బెర్లిన్‌లో 8 గంటల కన్నా తక్కువ. వెలుతురు తగ్గితే మనసు కూడా దిగాలు పడుతుంది. అది మీ పిరికితనం కాదు. పగటిపూట కాసేపైనా బయట నడవాలి. ఒక్క మందపాటి కోటు కన్నా పొరలు పొరలుగా వేసుకున్న బట్టలు మేలు, ఎందుకంటే వెచ్చదనాన్ని పట్టి ఉంచేది మధ్యనున్న గాలి. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టడం, మూసిన షెడ్డులో కారు ఇంజను నడపడం ప్రాణాంతకం. కార్బన్ మోనాక్సైడుకి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

అత్యవసర నంబర్లు నోటికి రావాలి. అమెరికాలో 911, బ్రిటన్‌లో 999, యూరప్ దేశాల్లో 112. యు.ఎ.ఇ.లో పోలీసుకి 999, అంబులెన్సుకి 998.

4. మాట, మనిషి

తెలుగువారితో కలిసి ఉండటం ధైర్యమే. పండగకి పులిహోర దొరుకుతుంది, జ్వరమొస్తే చారు పెట్టేవారు ఉంటారు. కాని ఆ గుమ్మం దాటకపోతే దేశం మారినా ఊరు మారనట్టే. రోజుకి పది మాటలు ఆ భాషలో నేర్చుకోండి. ముందుగా నమస్కారం, కృతజ్ఞత, 'అర్థం కాలేదు, మెల్లిగా చెప్పండి', 'డాక్టరు కావాలి'. పొరుగింటివారి పేరు తెలుసుకోండి. జర్మనీలో రాత్రి 10 తరువాత గట్టిగా పాటలు పెడితే, ఆదివారం గోడకి డ్రిల్లు వేస్తే తగవే. చెత్త ఏ డబ్బాలో వేయాలో కూడా అడిగి తెలుసుకోవాలి. అడగడం నామోషీ కాదు. మన ఊరికి కొత్తగా వచ్చిన కోడలు అన్నీ అడిగే నేర్చుకుంటుంది గదా!

5. ఇంటికి పంపే సొమ్ము, ఇంట్లో ఉన్న భూమి

విదేశం వెళ్ళినవారు ఇక్కడి మామూలు సేవింగ్స్ ఖాతాని ఎన్.ఆర్.ఓ. ఖాతాగా మార్పించుకోవాలి. ప్రవాసులు వ్యవసాయ భూమి కొనడానికి రిజర్వు బ్యాంకు నియమాలు మామూలుగా ఒప్పుకోవు. వారసత్వంగా వచ్చింది ఉంచుకోవచ్చు. కనుక 'డాలర్లు సంపాదించి పక్క చేను కొంటాను' అని నాన్నకి మాటిచ్చే ముందు ఈ నియమం తెలుసుకోవాలి. అప్పు ఎంత, వడ్డీ ఎంత, నెలకి ఎంత కట్టాలి అన్నది ఒక కాగితం మీద రాసి అమ్మానాన్నల ముందు చదివి వెళ్ళండి. తిరిగి ఎప్పటికి తీరుతుందో వాళ్ళకి తెలియాలి.

6. ఆపద వస్తే

జీతం ఇవ్వకపోయినా, మోసపోయినా ముందు వెళ్ళవలసింది మన రాయబార కార్యాలయానికి. విదేశాంగ శాఖ 2015లో ప్రారంభించిన 'మదద్' ద్వారా ఇంటి దగ్గరున్నవారు కూడా ఫిర్యాదు పెట్టవచ్చు. ఫిర్యాదుకి బలం కాగితమే. అందుకే మొదటినుంచి కాగితం, కాగితం అని అంటున్నాను.

అన్నిటికన్నా పెద్ద ఆపద మరొకటి ఉంది. అది ఇంటికి అబద్ధం చెప్పడం. పని దొరకకపోయినా 'బాగానే ఉన్నానమ్మా' అంటాం. అక్కడ ఒంటరితనం, ఇక్కడ వడ్డీ, రెండూ రహస్యంగానే పెరుగుతాయి. వారానికి ఒకసారైనా ఉన్నదున్నట్టు చెప్పండి. తిరిగి వచ్చేయడం కూడా ఒక దారే. చదువు ఆగితే మళ్ళీ చదవొచ్చు, భూమి పోతే కూలి చేసుకోవచ్చు, బిడ్డ పోతే ఆ తల్లికి ఏం చెబుతాం?

ఈ ఏడాది మన కాలేజీ నుంచి వెళ్తున్న మిత్రులకి నా శుభాకాంక్షలు. పాస్‌పోర్టు మీ జేబులో, లెక్క మీ పుస్తకంలో, ఆ ఊరి మాట మీ నోట్లో ఉండుగాక! అక్కడ మీకు తెలిసిన కొత్త సంగతులు మాకు రాసి పంపండి. మీ వెనుక వచ్చేవారికి అవి పనికొస్తాయి.