రాతిలో ఆకు

కొల్లేటి లంకలో పుట్టిన పిల్ల గొల్లపల్లికి కోడలుగా వచ్చింది. లంకలో ఎంత తవ్వినా బురదే. రోలు కావాలన్నా బయటి నుంచి కొని తెచ్చుకోవాలి. నూజివీడు దగ్గరి ఈ గొల్లపల్లిలో అలా కాదు. పలుగు వేస్తే ఖంగుమంటుంది.

ఒకరోజు ఇంటి పునాది తవ్వుతున్నారు. ఇసుకరాయి ఒకటి పొరగా విడిపోయింది. లోపల ఆకు గుర్తు! నడుమ ఈనె, అటూ ఇటూ సన్నటి రెక్కలు. అచ్చం ఈతాకులా ఉంది.

"అత్తయ్యా, ఇటు చూడండి. ఎవరో చెక్కినట్టుంది."

"రాతి లోపల ఎవరు చెక్కుతారే? పునాదిలో వెయ్యి."

ఎవరూ చెక్కలేదు. అలికిన నేల తడిగా ఉన్నప్పుడు ఆకు పడితే, ఆరాక అచ్చు మిగులుతుంది కదా! ఇదీ అంతే. సుమారు 14, 15 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ నీళ్లు ఇసుక తెచ్చి మేట వేశాయి. ఆకులు అందులో కూరుకుపోయాయి. మేట మీద మేట పడింది. ఆ బరువుకి ఇసుక బిగిసి రాయి అయింది. ఆకు పోయింది, అచ్చు మిగిలింది. దీన్నే శిలాజం అంటారు.

అది జురాసిక్ కాలం చివర. కొంత రాయి ఆ తరువాతి కాలానిది కావచ్చని కూడా అంటారు. అప్పుడు రాక్షసబల్లులు ఉండేవి. మనుషులు లేరు. వరి లేదు. నూజివీడు మామిడీ లేదు! ఆ ఆకుల చెట్లు ఇప్పుడు ఎక్కడా లేవు. చూపుకి కాస్త దగ్గరగా ఉండేది తిరుమల కొండల్లోని పేరీత.

1877లోనే ఫైస్ట్‌మాంటెల్ అనే శాస్త్రవేత్త ఈ గొల్లపల్లి ఆకుల మీద పుస్తకం రాశాడు. ఆ రాతికి ఊరి పేరే పెట్టారు, గొల్లపల్లి ఇసుకరాయి అని. దాని పై పొరకి రాఘవాపురం పేరు. అందులో సముద్రపు గవ్వల గుర్తులున్నాయి. అంటే తరువాత సముద్రం ఇక్కడిదాకా వచ్చిందన్నమాట. ఆ పైన ఉన్నది తిరుపతి ఇసుకరాయి. ఆ తిరుపతి మన చిన తిరుపతే, ద్వారకా తిరుమల.

"ఆకు గుర్తు అన్నం పెడుతుందా?" అంది అత్త.

ఆ మాటా నిజమే. పునాదికి రాయి కావాలి. కానీ మెట్ట ఊళ్ల బోర్లకి నీళ్లు దాచిపెట్టేది ఇలాంటి ఇసుకరాయే. రేణువుల సందుల్లో నీరు నిలుస్తుంది.

పగిలిన శిలాజం మళ్లీ రాదు. ఎక్కడ దొరికిందో తెలియకపోతే చదివేవాళ్లకి సగం పనికిరాదు కూడా. కోడలు మిగతా రాళ్లు పునాదికి ఇచ్చింది. ఆకు రాయి ఒక్కటీ గుడ్డలో చుట్టింది. చీటీ మీద కూడబలుక్కుంటూ రాసింది: "గొల్లపల్లి. మా ఇంటి పునాది. నడుము లోతు."

"బడి పంతులుగారికి చూపిస్తాను అత్తయ్యా."

"తేదీ వెయ్యలేదేం?" అంది అత్త.