ఆంగ్ల లేఖలలోని చిన్న మాటలు

కొంతకాలము క్రిందట మేమొక గ్రామపంచాయతీ కార్యాలయమునకు పోయినపుడు సర్పంచిగారును, ఇద్దరు సభ్యులును ఒక ఆంగ్ల లేఖను ముందుంచుకొని మిక్కిలి సంతోషముగా నుండిరి. మంచినీటి ట్యాంకుకు రావలసిన రెండవ వాయిదా సొమ్ము విడుదలయినదని వారి యభిప్రాయము. సభ్యులలో చదువుకొన్నవారొకరు లేఖలోని వాక్యమును పైకి చదివిరి: ‘ది అమౌంట్ వుడ్ హావ్ బీన్ రిలీజ్డ్ ఇఫ్ ది సర్టిఫికెట్ హాడ్ బీన్ రిసీవ్డ్ ఇన్ టైమ్.’ అమౌంట్ అనగా సొమ్ము. రిలీజ్డ్ అనగా విడుదలయినది. సర్టిఫికెట్ రిసీవ్డ్ అనగా ధ్రువపత్రము అందినది. మాటలన్నియు వారికి తెలిసినవే. అర్థము మాత్రము తలక్రిందులయినది. ధ్రువపత్రము సకాలములో అందియున్నచో సొమ్ము విడుదలయి యుండెడిది అని ఆ వాక్యము చెప్పుచున్నది. అనగా ధ్రువపత్రము అందలేదు, సొమ్ము రాలేదు. మేస్త్రీకి బాకీ తీర్చెదమని మాట ఇచ్చుటకు సర్పంచిగారు అప్పటికే చెప్పులు తొడుగుకొనుచుండిరి.

మన రాష్ట్రమున తెలుగును అధికార భాషగా 1966 నాటి చట్టము నెలకొల్పినది. సమాచార హక్కు దరఖాస్తును తెలుగులోనే వ్రాయవచ్చును. అయినను టెండరు షరతులు, బ్యాంకు లేఖలు, కేంద్ర పథకముల సూచనలు, కొన్ని ఆడిట్ అభ్యంతరములు ఇంకను ఆంగ్లములోనే వచ్చుచున్నవి. ఆంగ్లము బొత్తిగా రానివారిని గూర్చి మాకంత బెంగ లేదు. వారు మరియొకరి నడిగి తెలిసికొందురు. సగము వచ్చినవారే అడుగక పొరబడుదురు. చేతిఫోను చేయు అనువాదమును నమ్ముకొన్నను ఇదే చిక్కు. అది పెద్ద మాటలను చక్కగానే మార్చి, చిన్న మాట యొద్ద ఒక్కొక్కప్పుడు జారిపోవును.

మొదట క్రియల సంగతి చూతము. ‘హాజ్ బీన్ సాంక్షన్డ్’ అనిన మంజూరయినది. ‘విల్ బి సాంక్షన్డ్’ అనిన మంజూరు కాగలదు. ‘మే బి సాంక్షన్డ్’ అనిన మంజూరు కావచ్చును, కాకపోవచ్చును. పై యధికారికి వ్రాసిన లేఖయైనచో మంజూరు చేయవచ్చునని సిఫారసు. ‘వుడ్ హావ్ బీన్ సాంక్షన్డ్’ అనిన మంజూరయి యుండెడిది, కాని కాలేదు. ‘హావ్ బీన్’ అను జంట కనబడగానే పని యయిపోయినదని మనసు తొందరపడును. దానికి ముందు ‘వుడ్’ ఉన్నదా లేదా అని వ్రేలుపెట్టి చూడవలెను. మన తెలుగులో ‘ఉండెడిది’ అను మాటకు గల నిరాశయే ఆ ‘వుడ్’లో దాగియున్నది. ఇంకొకటి: సాంక్షన్ అనగా మంజూరు, రిలీజ్ అనగా విడుదల. మంజూరయినంత మాత్రమున సొమ్ము ఖాతాలో పడినట్లు కాదు. ఇది వ్యాకరణము కాదుగాని చెప్పక తప్పలేదు.

ఇక ‘షల్’, ‘మే’ అను రెండు మాటలు. వీనికి మన పంచాయతీల పుట్టుకతోనే సంబంధమున్నది. 1992 నాటి డెబ్బది మూడవ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24వ తేదీన అమలులోనికి వచ్చినది. దానిలో పంచాయతీలను నెలకొల్పుటను గూర్చి చెప్పు 243-బి అధికరణము ‘షల్’ అను మాటను వాడినది. నెలకొల్పి తీరవలెనని యర్థము. పంచాయతీలకు అధికారములనిచ్చుటను గూర్చి చెప్పు 243-జి అధికరణమునందు ‘మే’ అని యున్నది. రాష్ట్ర శాసనసభ ఈయవచ్చును. ఇంటిని కట్టితీరవలెను, తాళపుచెవులు ఈయవచ్చును అన్నట్లున్నది ఈ యేర్పాటు. ఒక రాష్ట్రమునందలి పంచాయతీకి గల అధికారములు మరియొక రాష్ట్రమున లేకపోవుటకు ఈ చిన్న మాటయే ముఖ్య కారణము.

‘మే’ ప్రక్కన ‘నాట్’ చేరినచో చిక్కు మరింత పెరుగును. గుమ్మము మీద ‘యూ మే నాట్ ఎంటర్’ అని యున్నచో లోనికి రాకూడదని యర్థము. కాని అదే 243-బి అధికరణమున రెండవ ఖండము, ఇరువది లక్షలకు మించని జనాభా గల రాష్ట్రములో మధ్యస్థాయి పంచాయతీలను గూర్చి చెప్పుచు ‘మే నాట్’ అనినది. అక్కడ దాని యర్థము నెలకొల్పరాదని కాదు. నెలకొల్పకపోయినను తప్పు లేదని. గోవా, సిక్కిం రాష్ట్రములలో రెండే అంతస్తులున్నవి. ఒకే జంట మాటలకు ఒకచోట నిషేధము, ఇంకొకచోట సడలింపు! దీనిని పోల్చుకొనుటకు ముందున్న వాక్యమును చూడవలెను. ముందు వాక్యము ఒక విధిని కట్టినట్లయితే, తరువాత వచ్చిన ‘మే నాట్’ ఆ కట్టును విప్పుచున్నదని గ్రహింపవచ్చును. అట్టి అనుమానమునకు తావీయని మాటలు ఆంగ్లమున రెండున్నవి. ‘మస్ట్ నాట్’ అనగా కూడదు. ‘నీడ్ నాట్’ అనగా అక్కరలేదు. పంచాయతీ తరఫున మనము వ్రాయునపుడు ఈ రెంటినే వాడుట మేలు.

చట్టములోని ‘షల్’ను న్యాయస్థానములు ఒక్కొక్కప్పుడు సడలించి చదువుట కలదు. ప్రభుత్వోద్యోగిపై క్రమశిక్షణ చర్యకు ముందు సర్వీసు కమీషనును సంప్రదింపవలెనను రాజ్యాంగ నియమమున ‘షల్’ ఉన్నను, దానిని పాటింపనంత మాత్రమున చర్య చెల్లకపోదని సుప్రీంకోర్టు 1957లో తీర్పు చెప్పినది. ఆ స్వేచ్ఛ కోర్టులది. మనకు వచ్చిన లేఖలోని ‘షల్’ను మనము ‘వలెను’ అనియే చదువుకొనవలెను.

లేఖ చదివినవారు మొదటి పేరాతోనే తృప్తిపడి ఆగిపోయిరని చెప్పితిమి గదా. రెండవ పేరా ఇట్లున్నది: ‘నో ఫర్దర్ ఇన్‌స్టాల్‌మెంట్ షల్ బి రిలీజ్డ్ అన్‌లెస్ ది సర్టిఫికెట్ ఈజ్ రిసీవ్డ్ బై 31 మార్చి.’ అప్పటికి మార్చి 21వ తేదీ. ఇక్కడ రెండు చిన్న మాటలు కలవు. ‘అన్‌లెస్’ తన కడుపులోనే ‘కాదు’ను దాచుకొన్న మాట. మన వారు దానిని ‘అయినచో’ అని చదివి తారుమారగుదురు. దానికి తెలుగున సరియైన మాట ‘అందనిదే’. ధ్రువపత్రము అందనిదే వాయిదా విడుదల కాదు. ఇంత చక్కని మాట మనకుండగా ‘ఒకవేళ అందకపోయినట్లయితే’ అని సాగదీయనక్కరలేదు. రెండవది ‘బై’. ‘బై 31 మార్చి’ అనగా ఆ తేదీలోగా. ‘అన్‌టిల్ 31 మార్చి’ అనగా ఆ తేదీ వరకు. పన్నుల కౌంటరు 31 వరకు తెరచియుండును. పన్ను 31లోగా చెల్లింపవలెను. తెలుగులో మనమెన్నడును తప్పని భేదము ఆంగ్లములో నేల తప్పవలెను? పైగా ‘రిసీవ్డ్’ అన్నారు గాని ‘సెంట్’ అనలేదు. 31న పోస్టులో వేసిన చాలదు. ఆ రోజుకు అక్కడికి చేరవలెను. సర్పంచిగారు చెప్పులు విడిచి, కార్యదర్శికి కబురంపిరి.

గడువుల విషయములో ‘విదిన్’ అను మాట తరువాత ఏమున్నదో చూడవలెను. ‘విదిన్ 15 డేస్ ఆఫ్ ది డేట్ ఆఫ్ దిస్ లెటర్’ అన్నచో లేఖపైనున్న తేదీ మొదలు లెక్క. ‘ఆఫ్ రిసీట్ ఆఫ్ దిస్ లెటర్’ అన్నచో అది మన చేతికందిన తేదీ మొదలు. అందుచేత వచ్చిన ప్రతి కాగితము మీదను అందిన తేదీముద్ర వేయుట కార్యదర్శి తప్పక చేయవలసిన పని. కేంద్ర చట్టములకు వర్తించు 1897 నాటి జనరల్ క్లాజుల చట్టము ప్రకారము ‘ఫ్రమ్’ అను మాటతో చెప్పిన మొదటి దినము లెక్కలోనికి రాదు. ‘టు’ అను మాటతో చెప్పిన చివరి దినము వచ్చును.

‘ప్రొవైడెడ్ దట్’ అనునది ముందు చెప్పినదానికి మినహాయింపును తెచ్చును. ‘నాట్‌విత్‌స్టాండింగ్’ అని మొదలయిన వాక్యము తక్కిన వాక్యములపై గెలుచును. ‘సబ్జెక్టు టు’ అని మొదలయినది తక్కినవానికి లోబడును. ప్రస్తుతమునకు ఇంత చాలును.

కాదను మాటలు రెండు మూడు ఒకేచోట చేరినపుడు మాత్రము నిదానింపవలెను. ఇరువదియొక్క యేండ్లు నిండినచో, ఇరువదియైదు నిండలేదను కారణముచే ఏ వ్యక్తియు పంచాయతీ సభ్యత్వమునకు అనర్హుడు కారాదని 243-ఎఫ్ అధికరణము చెప్పుచున్నది. అందు ‘నో’ ఒకటి, ‘డిస్‌క్వాలిఫైడ్’లోని ‘డిస్’ ఒకటి, ‘లెస్ దాన్’ ఒకటి. వీనిని జంటలుగా కొట్టివేసికొనుచు పోయినచో తేలునది చిన్న మాట: ఇరువదియొక్క యేండ్లు నిండిన చాలును. అట్లే స్త్రీలకు ‘నాట్ లెస్ దాన్ వన్ థర్డ్’ స్థానములని 243-డి అధికరణమున నున్నది. దీనిని మూడవవంతు మాత్రమే యని చదివినవారు కలరు. మూడవవంతుకు తక్కువ కాకుండ అని దాని యర్థము. పండ్రెండు స్థానములలో నాలుగు అడుగుమెట్టు మాత్రమే; ఆరు ఇచ్చినను నియమమునకు లోబడినట్లే. రెండు తెలుగు రాష్ట్రముల పంచాయతీ చట్టములు స్త్రీలకు సగము స్థానములను కేటాయింపగలుగుటకు ఆ మాటలు అడ్డురాలేదు.

ఆడిట్ అభ్యంతరములలో ఒక్క ‘ఎ’ అక్షరము మన పరువును మార్చగలదు. ‘ఎ ఫ్యూ వౌచర్స్ వర్ ప్రొడ్యూస్డ్’ అనగా కొన్ని ఓచర్లు చూపిరి. ‘ఫ్యూ వౌచర్స్ వర్ ప్రొడ్యూస్డ్’ అనగా చూపినవి ఏ కొద్దియో, చూపనట్లే. రెండవ విధముగా వ్రాసినది నిజము కాకున్నచో సమాధానమున దానిని ఖండించి, చూపిన ఓచర్ల సంఖ్య నిచ్చి, నకళ్లు జతపరచవలెను. మొదటిదని భ్రమపడి మౌనముగా నున్నచో ఆ మాట రికార్డులో నిలిచిపోవును.

మన తీర్మానములలో మనమే వ్రాయు తప్పు ఒకటి కలదు. ‘ఆల్ ది మెంబర్స్ డిడ్ నాట్ అటెండ్’. కొందరు రాలేదనియా, ఎవ్వరును రాలేదనియా? కోరము తగాదా వచ్చినపుడు ప్రతి పక్షమును తనకు కావలసిన యర్థమును తీయును. ‘అందరు సభ్యులు రాలేదు’ అను తెలుగు వాక్యమునందును ఈ దోషమున్నది గనుక ఆంగ్లమును మాత్రమే నిందించి లాభము లేదు. ‘పదకొండుగురిలో ఏడుగురు వచ్చిరి’ అని అంకె వేసినచో ఏ భాషలోనైనను తగవుండదు.

నెలకొక్కసారి సమావేశము ముగిసిన పిదప, ఆ నెలలో వచ్చిన ఒక ఆంగ్ల లేఖను ఒకరు పైకి చదువగా తక్కినవారు ఒక్కొక్క వాక్యమునకు తెలుగు చెప్పుట మంచి అభ్యాసము. ఇద్దరు రెండర్థములు చెప్పినచోట చిన్న మాట దాగియున్నదని తెలిసికొనవచ్చును. ఇప్పటికి ఈ మూడు వాక్యములను యత్నింపుడు. జవాబులను చేతితో మూసికొనుడు.

మొదటిది: ‘ది వర్క్ నీడ్ నాట్ బి స్టాప్డ్ అన్‌టిల్ ది ఇంజనీర్ ఇన్‌స్పెక్ట్స్ ఇట్.’ రెండవది: ‘ది గ్రాంట్ షల్ నాట్ బి స్పెంట్ అన్‌లెస్ ది గ్రామసభ హాజ్ అప్రూవ్డ్ ది ప్లాన్.’ మూడవది: ‘రిప్లై షుడ్ రీచ్ దిస్ ఆఫీస్ విదిన్ 15 డేస్ ఆఫ్ ది డేట్ ఆఫ్ దిస్ లెటర్.’ ఈ మూడవ లేఖపై నున్న తేదీ 4, మీకు అందిన తేదీ 12 అనుకొనుడు.

మొదటి వాక్యమునకు, ఇంజనీరు వచ్చి చూచువరకు పనిని ఆపనక్కరలేదని యర్థము. ‘నీడ్ నాట్’కు బదులు ‘మస్ట్ నాట్’ ఉన్నచో ఆపనే కూడదు. రెండవదానికి, గ్రామసభ ప్రణాళికను ఆమోదించనిదే గ్రాంటును ఖర్చుపెట్టరాదని యర్థము. ఆమోదము ముందు, ఖర్చు తరువాత. మూడవదానికి గడువు 19వ తేదీ. 27 అని చెప్పినవారు అందిన తేదీ నుండి లెక్కించిరి. చేతిలో నున్నవి ఏడు దినములే. జవాబు ఆ లోపల అక్కడికి చేరవలెను గనుక, పోస్టులో పంపువారు 19 వరకు ఆగరాదు.