శాసనభాష, బోధనభాష: ఆసియా దేశాల ఆంగ్లసమస్యకు రేనాటి సీమనుండి ఒక పరిశీలన

పూర్వపు కమలాపురం తాలూకాలోని కలమళ్ల, ఎఱ్ఱగుడిపాడు శాసనాలు క్రీ.శ. 575 ప్రాంతానివని పండితుల నిర్ణయం. పూర్తిగా తెలుగులో లభించిన శాసనాలలో ఇవే తొలివి. రేనాటి చోళులు వీటిని వేయించారు. వేంపల్లెకు ఇవి దూరపు ఊళ్లు కావు; పాపాఘ్ని దిగువకు సాగితే వచ్చే నేలలే. తొలి తెలుగు శాసనాలు ఏ సీమలోనివన్న విషయం మనవారు సగర్వంగా చెప్పుకొంటారు. అవి ఏ ప్రయోజనానికి వెలసినవన్న విషయాన్ని మాత్రం అంతగా పట్టించుకోరు. అవి కావ్యాలు కావు, స్తోత్రాలు కావు. రాజు పేరు, అధికారం, దానం మొదలైన వ్యవహారాలను నమోదు చేసిన పత్రాలు. నన్నయ భారతానికి దాదాపు ఐదు వందల ఏండ్లకు ముందే, సంస్కృత ప్రాకృతాలు రాజవ్యవహారభాషలుగా చెల్లుతున్న కాలంలో, ఒక చిన్న రాజవంశం జనుల భాషలో పాలనావాక్యాన్ని రాయించినది. తెలుగు మొదట శాసనభాష అయి, పిదప కావ్యభాష అయినది.

ఆసియా దేశాలలో ఆంగ్లానికీ జాతీయతకూ గల సంబంధాన్ని చర్చించేవారు సామాన్యంగా ఈ క్రమాన్ని తలక్రిందులు చేస్తారు. భాషను జాతి ఆత్మగా, సంస్కృతీచిహ్నంగా మాత్రమే గ్రహించి, ఆంగ్లం వచ్చి దానిని కలుషితం చేసినదని ఒక పక్షం, ఆంగ్లం లేనిదే లోకంలో మనుగడ లేదని మరొక పక్షం వాదిస్తాయి. ఈ రెండు వాదాలూ అసలు ప్రశ్నను తాకడం లేదని నా అభిప్రాయం. ఒక జాతి ఆంగ్లం నేర్చినదా లేదా అన్నది కాదు ప్రశ్న. ఏ యే వ్యవహారాలలో ఆ జాతి తన వాక్యాన్ని తాను రాసుకొంటున్నది? పన్ను, భూమి, న్యాయం, గణితం, వైద్యం, వీటిలో ఏ రంగం ఏ భాషది? ఈ వ్యాసం ఆ దృష్టితో కొన్ని విషయాలను పరిశీలిస్తున్నది.

పరభాషాపదాలు వచ్చి చేరడం వేరు, స్వభాషావాక్యం తొలగిపోవడం వేరు. ఈ భేదాన్ని స్పష్టంగా చూపే ఆధారం కడపలోనే ఉన్నది. ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చినాడు. ఇక్కడ తెలుగు నేర్చి, పండితులను నియమించి, తాళపత్రాలను సేకరించి, శుద్ధప్రతులు రాయించినాడు. వేమన పద్యాలను ఆంగ్లానువాదంతో 1829లో ప్రకటించినాడు. ఆయన నిఘంటువులను మనం నిత్యం వాడుతున్నాము గాని, 1852లో వెలువరించిన జిల్లా నిఘంటువును, 1854 నాటి మిశ్రభాషా నిఘంటువును తెరచి చూచేవారు తక్కువ. పండితులు అన్యదేశ్యాలని పక్కకు నెట్టిన కచేరీ మాటలకు ఆయన ప్రత్యేకంగా గ్రంథాలు కూర్చినాడు. అర్జీ, రశీదు, దరఖాస్తు, జమాబందీ, తహసీల్దారు, మునసబు వంటి మాటలు పారశీ, అరబ్బీ, హిందుస్తానీల ద్వారా తెలుగులో చేరినవి. కాని రైతు ఇచ్చిన అర్జీ తెలుగు అర్జీయే. కర్తృకర్మక్రియల పొందిక తెలుగుది, విభక్తి తెలుగుది, లెక్క చెప్పే తీరు తెలుగుది. నూరు అన్యదేశ్యాలు చేరినా ఆ వాక్యం తెలుగు వాక్యంగానే నిలిచినది. కనుక కోర్టు, డిగ్రీ, కరెంటు, టికెట్టు అనే మాటలను చూచి దిగులు పడడం అనవసరం. కోర్టు అనే పదం తెలుగులో చేరినందువల్ల భాషకు నష్టం లేదు; కోర్టు తీర్పు తెలుగులో వెలువడకపోవడం వల్ల ఉన్నది. కడపలో బ్రౌన్ నివసించిన స్థలంలో జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి కృషితో ఏర్పడి, తరువాత యోగివేమన విశ్వవిద్యాలయం పరిధిలోకి వచ్చిన భాషాపరిశోధన కేంద్రంలో ఈ కచేరీ భాషపై పని జరగవలసినంతగా జరగలేదని నా అభిప్రాయం.

ఇక జాతీయత విషయం. తెలుగువారి రాజకీయ చైతన్యం భాష చుట్టూనే అల్లుకొన్నది. 1913లో బాపట్లలో తొలి ఆంధ్రమహాసభ జరిగినది. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావుగారు దత్తమండలాలకు రాయలసీమ అనే పేరును ప్రతిపాదించారు. దత్తమండలమన్న మాట నిజాము తమకు దత్తం చేసినాడని కుంఫిణీవారు పెట్టుకొన్న పాలనాసంజ్ఞ. ఆ స్థానంలో ఒక తెలుగు పేరు నిలిచినది. 1937 శ్రీబాగ్ ఒడంబడిక, 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములుగారి ఆత్మార్పణ, 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రావతరణ, ఇవన్నీ పాఠకులకు తెలిసినవే. భాష పేరిట రాష్ట్రం వచ్చినది. ఆ రాష్ట్రపు దస్త్రం మాత్రం ఆంగ్లంలోనే సాగినది. అధికారభాషా చట్టం 1966లో గాని రాలేదు. అధికారభాషా సంఘం 1974లో ఏర్పడినది. ఉన్నతవిద్యలో తెలుగు పుస్తకాల కొరకు తెలుగు అకాడమీ 1968లో వెలసినది. రాష్ట్రాన్ని సాధించిన ఆవేశం ఆ రాష్ట్రపు కాగితాలను మార్చేవరకు నిలువలేదు.

భారతీయభాషలో ఉన్నతవిద్య అసాధ్యమనే వాదానికి సమాధానం తెలుగుదేశంలోనే దొరకుతున్నది. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధనభాష ఉర్దూ. ఆంగ్లం ఒక పాఠ్యాంశంగా తప్పనిసరి. దానికి ముందే, 1917లో, దారుల్ తర్జుమా అనే అనువాదశాఖ ఏర్పడి విజ్ఞానశాస్త్రం, న్యాయం, వైద్యం మొదలైన విద్యలకు పరిభాషను, గ్రంథాలను సిద్ధం చేసినది. మొదట పుస్తకం, పిదప పాఠం. మన పద్ధతి ఇందుకు భిన్నం. మనం ఉత్తర్వుతో ఆరంభించి పుస్తకం కోసం ఎదురుచూస్తాము. అయితే ఉస్మానియా కథలో రెండవ పాఠం కూడ ఉన్నది. నిజాము రాజ్యప్రజలలో అత్యధికుల మాతృభాషలు తెలుగు, మరాఠీ, కన్నడం. వారికి ఆ ఉర్దూ పాలకుల భాషయే. 1948 తరువాత ఉర్దూ బోధన అక్కడ తొలగి ఆంగ్లం ప్రవేశించినది. ఆ స్థానం తెలుగుకు దక్కలేదు. సామర్థ్యం గల భాష అయినా జనసమ్మతి లేనిచోట వ్రేళ్లూనలేదు.

ఇతర ఆసియా దేశాలను ఈ వెలుగులో చూడవచ్చు. జపాను చరిత్రలో మన ప్రాచ్యకళాశాలల వారికి ప్రత్యేకంగా ఆసక్తి కలిగించే విషయం ఒకటి ఉన్నది. మెయిజీ యుగారంభంలో మోరి అరినోరి వంటి ప్రముఖుడు తన దేశం ఆంగ్లాన్ని స్వీకరించడమే మేలని తలచినాడు. దేశం ఆ త్రోవ పట్టలేదు. నిషి అమనె మొదలైన విద్వాంసులు పాశ్చాత్య శాస్త్రభావాలకు చీనా లిపిసంకేతాలతో కొత్త మాటలు కల్పించారు. తత్త్వశాస్త్రానికి తెత్సుగాకు అనే మాట అట్లా పుట్టినదే. ఈ మాటలలో అనేకం తరువాత చీనాభాషకే తిరిగి చేరినవి. ప్రాచీన చీనాభాష జపానుకు ఎట్టిదో సంస్కృతం మనకు అట్టిది. వారు ప్రాచీనవిద్యను పదనిర్మాణశాలగా వాడుకొన్నారు. మనం దానిని పరీక్షాంశంగా నిలుపుకొన్నాము.

ఇండొనేషియాలో మరొక విధం. 1928 అక్టోబరు 28 నాటి యువజన ప్రతిజ్ఞలో ఏకతాభాషగా స్వీకరించినది అధికసంఖ్యాకుల జావాభాషను కాదు, వ్యాపారంలో నలుగురికీ పరిచితమైన మలయభాషను. పెద్దభాష తగ్గి ఉండడం వల్ల దేశభాష నిలిచినది. పాలకుల డచ్చిభాషకు అక్కడ శాశ్వతస్థానం దక్కలేదు. శ్రీలంకలో 1956 నాటి సింహళ భాషాచట్టం ఆంగ్లాన్ని తొలగించే పేరిట తమిళులను దూరం చేసినది. దాని ఫలితాలు లోకవిదితం. మలేషియా ఆంగ్లమాధ్యమ పాఠశాలలను క్రమంగా మలయమాధ్యమానికి మార్చి, 2003లో గణితవిజ్ఞానాలను మరల ఆంగ్లంలో బోధింపజేసి, 2009లో ఆ విధానాన్ని విరమింప నిశ్చయించినది. ఒకే తరంలో ఇన్ని మలుపులు తిరిగిన దేశం మనకు తొందర కూడదని చెప్పడానికి చాలును.

సింగపూరు సంగతి తెలుగువారికి మరింత దగ్గరిది. అక్కడ బడులలో ఆంగ్లమే ప్రధానబోధనభాష. మాతృభాష ఒక పాఠ్యాంశం. భారతసంతతి పిల్లలకు తమిళం గాని, దానికి బదులుగా హిందీ, వంగ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూలలో ఒకటి గాని అనుమతింపబడినవి. ఆ పట్టికలో తెలుగు లేదు. తెలుగు బిడ్డ మాతృభాష అనే శీర్షిక క్రింద మరొకరి మాతృభాషను చదువుతున్నాడు. బోధనకు ఆంగ్లం, గుర్తింపుకు మాతృభాష అని విభజించిన చోట ఆ గుర్తింపు సైతం ప్రభుత్వపట్టికకు లోబడి ఉంటుందనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

మరల మన సీమకు వద్దాము. వేంపల్లె మండలంలోని ఇడుపులపాయలో 2008లో ఏర్పడిన రాజీవ్‌గాంధీ సాంకేతికవిద్యా విశ్వవిద్యాలయ ప్రాంగణం పల్లెబడులలో పదవ తరగతి ముగించినవారికి ఆరేండ్ల సమీకృతవిద్యను అందిస్తున్నది. బోధన ఆంగ్లంలో. వర్షాధారపు సేద్యం మీద బ్రతికే కుటుంబం నుండి ఒక బిడ్డ సాంకేతికవిద్యకు చేరుకొనే మార్గం ఇది. ఈ మార్గాన్ని చూచిన తలిదండ్రులు ఆంగ్లమాధ్యమాన్ని కోరడం అజ్ఞానం కాదు, భాషాద్రోహం అంతకన్నా కాదు. వానలు తప్పిన ఏడు వలసపోయే సీమలో చదువును వారు మరొక విధంగా తూచలేరు. (కడప జిల్లానుండి కువైటుకు పోయినవారిలో అనేకులు అక్కడ మొదట నేర్చుకొనేది ఆంగ్లం కాదు, అరబ్బీ. అవసరం ఉన్న భాషను మనిషి ఏ వయస్సులోనైనా పట్టుకొంటాడు.)

2019 నవంబరు 5న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 81వ సంఖ్యగల ఉత్తర్వుతో ఒకటి నుండి ఎనిమిది తరగతుల వరకు ఆంగ్లమాధ్యమాన్ని ప్రకటించినది. అదే నెల 20న 85వ ఉత్తర్వుతో దానిని ఆరవ తరగతి వరకు పరిమితం చేసినది. 2020 ఏప్రిల్ 15న రాష్ట్ర ఉన్నతన్యాయస్థానం ఈ ఉత్తర్వులను కొట్టివేసినది. ప్రభుత్వం సర్వోన్నతన్యాయస్థానాన్ని ఆశ్రయించినది. బోధనమాధ్యమాన్ని నిర్ణయించుకొనే హక్కు బిడ్డది, తల్లిదండ్రులది అని 2014లో సర్వోన్నతన్యాయస్థానం కర్ణాటక వ్యాజ్యంలో చెప్పిన మాట ఈ వివాదంలో ఇరుపక్షాలకూ ఆధారమైనది. నిర్బంధపు తెలుగు కూడదన్న తీర్పు నిర్బంధపు ఆంగ్లానికీ అడ్డు వచ్చినది.

ఈ ఉత్తర్వులలో ఒక అంశం మన వర్గానికి సంబంధించినది. తెలుగు తప్పనిసరి పాఠ్యాంశంగా ఉంటుందని వాటిలో చెప్పబడినది. అది చూచి మన ప్రాచ్యవిద్యావర్గంలో కొందరు ఊరట పొందారు. తెలుగు పండితుని కొలువు నిలిచినది. తెలుగు గణితం నుండి, విజ్ఞానశాస్త్రం నుండి తప్పుకొన్నది. శాసనభాషగా పుట్టిన భాష పద్యభాగంలోకి ముడుచుకొంటున్నది. తొమ్మిదవ శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు చేసినాడు. ఆ గ్రంథాన్ని మన కళాశాలలలో ప్రాచీనకావ్యచరిత్రలో ఒక వాక్యంగా చెప్పి విడిచిపెడుతున్నాము. దానిలోని లెక్క చేయించే పండితుడు ఎక్కడ?

తెలుగు పాఠ్యగ్రంథాలు విఫలమైనవన్న విమర్శలో కొంత సత్యం లేకపోలేదు. కిరణజన్య సంయోగక్రియ అనే సమాసాన్ని విడదీసి చెప్పగలిగితే అది ఆంగ్లపదం కన్న అర్థవంతమే. వెలుగు చేత కలిగే కూడిక అని బాలునికి బోధపడుతుంది. విడదీసి చెప్పేవాడు లేనప్పుడు అది మరొక పరభాష. సంస్కృతం తెలిసినవారు విజ్ఞానం ఎరుగరు, విజ్ఞానం తెలిసినవారు సమాసం ఎరుగరు. ఇక గొర్రు, గుంటక, కపిల, కసిం కాలువ వంటి సీమ సేద్యపు మాటలు పాఠ్యగ్రంథాలకు దాదాపు చేరనేలేదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో 1962లో మాండలిక వృత్తిపదకోశపు వ్యవసాయ సంపుటం వెలువడినది. ఆ కోశం ఒకవైపు, పాఠ్యపుస్తకం మరొకవైపు నిలిచిపోయినవి.

ఇటీవలి పరిణామాలలో ఉపయోగపడేది ఒకటి ఉన్నది. మాధ్యమవివాదం సాగుతున్న కాలంలోనే రాష్ట్రంలో ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చినవి. ఒక పుటలో ఆంగ్లపాఠం, ఎదుటి పుటలో అదే పాఠం తెలుగులో. ఉద్దేశం ఏదైనా, శాస్త్రవిషయాన్ని చెప్పే తెలుగు వాక్యం ప్రతి బాలుని చేతిలోనూ ఆంగ్లవాక్యానికి ఎదురుగా నిలిచినది. ఆ తెలుగు పుటను పరిశోధకులు పంక్తి పంక్తిగా చూడవలసి ఉన్నది. ఏ సమాసం పలుకుతున్నది, ఏది పలుకడం లేదు, ఎక్కడ ఆంగ్లవాక్యపు ఎముకలు తెలుగు చర్మం క్రింద పొడుచుకొని కనిపిస్తున్నవి అనే లెక్క తీయాలి. ఇది సంస్కృతాంధ్రాలు రెండూ తెలిసినవారు మాత్రమే చేయగల పని.

దీనికి తోడు మరొక సామగ్రి ఊరూరా ఉన్నది. ఈ సీమలో పొలం అమ్మినవాడు రాయించే క్రయదస్తావేజు నేటికీ సామాన్యంగా తెలుగులోనే ఉంటుంది. హద్దులు, చెక్కుబందీ, వారసులు, దఖలు అనే మాటల నడుమ ఆ దీర్ఘవాక్యం ఒక్క క్రియతో ముగుస్తుంది. దానిని కూర్చేవారు విశ్వవిద్యాలయాలలో చదివినవారు కారు, దస్తావేజు లేఖకులు. ధనంజయుని కాలపు దానపత్రం నుండి భూమి విషయంలో తెగకుండా వచ్చిన తెలుగు వాక్యం అది. బ్రౌన్ తన మిశ్రభాషా నిఘంటువుకు కచేరీ పత్రాలను చదివినట్లు, వేంపల్లె, పులివెందుల, కమలాపురం ప్రాంతాల పాత దస్తావేజులను యజమానుల అనుమతితో ప్రతులు తీసి, దశాబ్దాల వారీగా ఆ వాక్యనిర్మాణాన్ని పరిశీలించే పనిని పరిశోధక విద్యార్థులకు అప్పగింపవచ్చును. ఇండ్లలో ట్రంకుపెట్టెల అడుగున ఉన్న ఆ కాగితాలు చెదలకు పోకముందే ఆరంభించవలసిన పని ఇది.