పోలార్‌ది ముందా, వెనకా?

ప్రశ్న: ఎమ్మెస్సీ ఆర్గానిక్ చేశాను. కాలేజీలో టీఎల్‌సీ బాగా వేసేవాణ్ని. ఇప్పుడు బీదర్ కొల్హార్ ఇండస్ట్రియల్ ఏరియాలో బల్క్ డ్రగ్ కంపెనీ క్యూసీలో ట్రైనీని. సీ18 కాలమ్ మీద ఒక పోలార్ ఇంప్యూరిటీ రెండో నిమిషంలోనే వచ్చి సాల్వెంట్ పీక్‌లో కలిసిపోతోంది. విడదీద్దామని అసిటోనైట్రైల్ పెంచితే ఇంకా ముందుకొచ్చింది. ఎందుకు సార్?
– ఒక ట్రైనీ, కొల్హార్

జవాబు: బాబూ, టీఎల్‌సీ అలవాటు ఇంకా నిన్ను వదల్లేదు. ప్లేటు మీద హెక్సేన్, ఇథైల్ అసిటేట్ నడిపావు కదా, అది నార్మల్ ఫేజ్. సిలికా పోలార్ పదార్థాన్ని పట్టి ఉంచుతుంది, స్పాట్ కిందే ఉండిపోతుంది. ఇథైల్ అసిటేట్ పెంచితే పైకి కదులుతుంది. సీ18 రివర్స్ ఫేజ్; అందులో అదే సిలికాకి 18 కార్బన్ల గొలుసులు తగిలించారు. అది పట్టుకునేది జిడ్డు స్వభావం ఉన్నదాన్ని. పోలార్‌ది నీళ్లతోపాటే జారిపోతుంది. ఇక్కడ తోసేది అసిటోనైట్రైల్, కాబట్టి నువ్వు పెంచాల్సింది నీళ్లు. ఆర్గానిక్ 10 శాతం తగ్గిస్తే పట్టు సుమారు రెండు మూడు రెట్లు పెరుగుతుంది. 5 శాతం కిందికి మాత్రం పోకు; మామూలు సీ18కి తడి అందక రిటెన్షన్ పడిపోవచ్చు. పదార్థం అమీన్ అయితే పీహెచ్ కూడా చూసుకో, ఆసిడ్‌లో చార్జ్ ఎక్కి ఇంకా తొందరగా బయటపడుతుంది.

రివర్స్ అనే పేరు ఊరికే రాలేదు. పొడుగు గొలుసుల ఫ్యాటీ ఆసిడ్లు పాత పద్ధతికి లొంగకపోతే 1950లో హోవర్డ్, మార్టిన్ అనే శాస్త్రవేత్తలు ఫేజులను తిరగేశారు. వాళ్లు ముందు చూసింది అణువు స్వభావాన్ని. మన పిల్లలేమో 'నార్మల్ అంటే ఇది, రివర్స్ అంటే అది' అని పట్టిక బట్టీపట్టి ల్యాబ్‌లోకి వస్తారు. ఇంజెక్షన్ వేసే ముందు స్ట్రక్చర్ కాగితం మీద గీయి. ఓహెచ్‌లు, ఎన్‌హెచ్‌2లు ఎన్ని, కార్బన్ గొలుసు ఎంత అని చూస్తే ఏది ముందొస్తుందో సగం అక్కడే తేలుతుంది.

ఇంకో మాట. క్యూసీలో వ్యాలిడేట్ అయిన మెథడ్‌లో అసిటోనైట్రైల్ సొంతంగా ఎలా పెంచావు? సీనియర్‌కి చెప్పావా? చెప్పకపోతే రేపే చెప్పు, ఆ రన్ కూడా రికార్డులో ఉండాలి.

ప్రశ్న: నార్మల్ ఫేజ్ ఇప్పుడెవరూ వాడట్లేదట. ఇంటర్వ్యూకి చదవడం మానేయనా?
– హుమ్నాబాద్ పాఠకురాలు

జవాబు: మానొద్దమ్మా. విటమిన్ ఈలోని బీటా, గామా టోకోఫెరాల్స్ మామూలు సీ18 మీద కలిసిపోతాయి, సిలికా మీద విడిపోతాయి. ఈ ఒక్క ఉదాహరణ చెప్పండి.

ప్రశ్న: నీళ్లు, మెథనాల్ నడిచిన సిస్టమ్‌లోకి నేరుగా హెక్సేన్ పంపొచ్చా?

జవాబు: వద్దు, మధ్యలో ఐసోప్రొపనాల్‌తో కడగాలి.

ప్రశ్న: షిఫ్ట్ బస్సు వెళ్లిపోతుందని ఫాస్ఫేట్ బఫర్ కాలమ్‌లోనే వదిలేసి వచ్చాను. పొద్దున ప్రెషర్ బాగా పెరిగింది. అసిటోనైట్రైల్‌తో కడిగేయనా?

జవాబు: అస్సలు వద్దు! అసిటోనైట్రైల్ ఎక్కువైతే ఫాస్ఫేట్ ఉప్పు గడ్డకడుతుంది, ఉన్నదీ మూసుకుపోతుంది. ముందు 90 పాళ్లు నీళ్లు, 10 పాళ్లు మెథనాల్, ఫ్లో తగ్గించి చాలాసేపు నడపండి. ప్రెషర్ దిగాకే ఆర్గానిక్ పెంచండి. బస్సు తప్పితే ఇంకోటి దొరుకుతుంది. కాలమ్ పోతే ఇండెంట్ మీరే రాయాలి.