గది మీదే, గోడ ఎవరిది?

ప్రశ్న: తుంటి ఎముక విరిగాక మా అమ్మగారు వీల్‌చైర్‌లోనే తిరుగుతున్నారు. బాత్రూమ్ గుమ్మంలో అది పట్టడం లేదు. గుమ్మం వెడల్పు చేయిద్దామంటే అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లు గోడ ముట్టుకోవద్దంటున్నారు. సొంత ఫ్లాట్‌లో లోపలి గోడకు వాళ్ల అనుమతి దేనికి? బిల్డర్ తాళాలిచ్చి మూడేళ్లయింది.
– ఓ పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: అది ఎలాంటి గోడో తేలితే మీ హక్కు ఎంతవరకో తేలుతుంది. 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం పునాదులు, పిల్లర్లు, బీములు, ప్రధాన గోడలు అందరి ఉమ్మడి ఆస్తి. మీ పడకగదిలో ఉన్నా పిల్లర్ మీ ఒక్కరిదే కాదు. భవనం భద్రతకు ముప్పు తెచ్చే పని ఏ యజమానీ చేయకూడదు. బరువు మోయని అడ్డగోడ అయితే మాత్రం 'వద్దంటే వద్దు' అనడం సరిపోదు. కారణం చెప్పాలి.

గోడకు డ్రిల్ పెట్టినప్పుడు ఎర్రటి పొడి రాలితే ఇటుక గోడ. బూడిదరంగు పొడి అయితే సిమెంటు ఇటుకో, కాంక్రీటో చెప్పలేం. మైవాన్ పద్ధతిలో కట్టిన టవర్లలో గదుల మధ్య గోడలూ ఇనుము వేసిన కాంక్రీటే, బరువు మోసేవే. పిల్లర్లు లేని పాత ఇళ్లలోనైతే ఎర్ర ఇటుక గోడే స్లాబును మోస్తుంది. కాబట్టి మేస్త్రీ 'ఏం కాదమ్మా' అన్నది చాలదు. స్ట్రక్చరల్ ఇంజినీరుకు గోడనూ బిల్డర్ డ్రాయింగులనూ చూపించి, అభిప్రాయం కాగితం మీద తీసుకోండి.

భవన భద్రతకు భంగం లేకుండా తలుపు తెరవడానికో, మూయడానికో పర్మిట్ అక్కర్లేదని 2016 జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతోంది. అయినా మీ మున్సిపాలిటీ నిబంధన ఒకసారి అడిగి తెలుసుకోండి.

ఇంజినీరు లేఖ, చిన్న ప్లాను, పని జరిగే తేదీలు జతచేసి అసోసియేషన్‌కు దరఖాస్తు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. కాదంటే కారణం రాతపూర్వకంగా అడగండి. కారణం లేకుండా అడ్డుపడితే లాయర్ నోటీసు, ఆపై సివిల్ కోర్టు ఉన్నాయి. చెప్పకుండా మొదలుపెడితే మాత్రం వాళ్లే కోర్టు నుంచి ఇంజంక్షన్ తెచ్చుకోవచ్చు.

ఇంకొకటి. రెరా చట్టం కింద స్వాధీనం ఇచ్చిన ఐదేళ్లలోపు నిర్మాణ లోపాలు బయటపడి తెలియజేస్తే, బిల్డరే 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. మీకింకా రెండేళ్లుంది. రేపు పగులు కనిపిస్తే 'మీరు గోడ కొట్టారు కదా' అనకుండా, పనికి ముందే నాలుగు వైపులా ఫొటోలు తీసి ఉంచండి.

గుమ్మం వెడల్పయితే పైన పాత లింటెల్ చాలదు, కొత్తది వేయాలి. ఈ మాట కాంట్రాక్టరుతో కాగితం మీద రాయించండి. పని చెడగొడితే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. చెల్లించిన మొత్తం రూ.5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు.

అద్దె ఇంట్లో ఉన్న పాఠకులు యజమాని రాతపూర్వక అంగీకారం లేకుండా ఒక్క ఇటుకా కదపకండి.

చివరిగా కొలత. 30 అంగుళాల ద్వారబంధంలో రెండు వైపులా చెక్క పోగా మిగిలేది 26 అంగుళాలే. 2021 నాటి కేంద్ర మార్గదర్శకాలు చెప్పే ఖాళీ వెడల్పు కనీసం 900 మిల్లీమీటర్లు, అంటే సుమారు 36 అంగుళాలు. ఒక్కసారే కొట్టే గోడ కాబట్టి, కొలిచేటప్పుడు చైర్‌తోపాటు చక్రాలు తిప్పే అమ్మగారి మోచేతులనూ లెక్కలో వేసుకోండి.