పాఠం చెప్పే కొలువు ఒక్కటే కాదు

డిగ్రీ ఆఖరి సంవత్సరం పిల్లల్ని ఉరవకొండలో కదిలిస్తే వచ్చే జవాబులు దాదాపు మూడే. బీఈడీ చేసి డీఎస్సీ రాయడం, గ్రూప్స్‌కు కోచింగ్, ఏదీ కుదరకపోతే బెంగళూరు బస్సు. 2025లో మెగా డీఎస్సీ 16,347 పోస్టులతో వచ్చాక మొదటి దారికి మళ్లీ ఊపు వచ్చింది. మంచిదే. బడిలో నిలబడి పాఠం చెప్పే మనిషికంటే ముఖ్యమైనవాళ్లు విద్యారంగంలో ఎవరూ లేరు. కానీ ఆ బడిలో ఎన్ని తరగతులు ఉండాలి, ఎందరు టీచర్లు ఉండాలి, డబ్బు దేనికి ఎంత ఖర్చు పెట్టాలి, ఏ ఊరి బడిని ఏ బడిలో కలపాలి అన్నవి మరెక్కడో తేలుతున్నాయి. ఆ పని నేర్పే పీజీ చదువు ఉందని, అది మనకు ఒక రాత్రి ప్రయాణం దూరంలోనే దొరుకుతుందని ఇక్కడ చాలామందికి తెలియదు. విద్యా విధానం, విద్యా నాయకత్వం అన్నవి ఆ చదువులో ముఖ్యమైన భాగాలు.

విధానం అంటే ఏమిటో మన మండలాల్లో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. 2022లో వచ్చిన జీవో 117 కింద, హైస్కూలుకు కిలోమీటరు లోపున్న ప్రాథమిక బడుల్లోని 3, 4, 5 తరగతుల్ని హైస్కూళ్లకు తరలించారు. సబ్జెక్టు టీచర్లు దొరుకుతారన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. చిన్నపిల్లలు అంత దూరం ఎలా పోతారన్నది తల్లిదండ్రుల ప్రశ్న. 2025లో ఆ జీవో రద్దయింది, బడులకు కొత్త వర్గీకరణ వచ్చింది. మూడేళ్లలో ఎనిమిదేళ్ల పిల్లలు అటూ ఇటూ తిరిగారు. ఈ రెండు నిర్ణయాల వెనకా ఫైళ్లున్నాయి, గణాంకాలున్నాయి, వాటిని తయారుచేసిన మనుషులున్నారు. ఆ మనుషుల్లో కరువు పల్లెలో చదువుకున్నవాళ్లు ఎందరన్నదే నన్ను ఎప్పుడూ తొలిచే ప్రశ్న.

హాజరు పట్టీ సంగతే తీసుకోండి. వేరుశనగ పోయిన ఏడాది, దీపావళి దాటాక అమ్మానాన్నలు బెంగళూరు కట్టడం పనులకు బయల్దేరతారు. అవ్వ దగ్గర వదలడానికి వీలుకాని పిల్లలు వాళ్లతో పాటే పోతారు. టీసీ తీసుకోరు, ఎందుకంటే ఉగాదికో, ముంగారు వానలకో తిరిగి వస్తామనే నమ్మకం. అక్కడ ఏ బడిలోనూ పేరు ఎక్కదు. బడి పిల్లల వివరాలు నమోదయ్యే యూడైస్ ప్లస్ పోర్టల్‌లో ఆ పిల్లవాడు డ్రాప్‌బాక్స్‌లో, అంటే ఏ బడిలోనూ లేనివాళ్ల జాబితాలో పడతాడు. స్కూల్ కాంప్లెక్స్ మీటింగులో హెడ్‌మాస్టరును అడుగుతారు, డ్రాప్‌బాక్స్ ఎందుకు ఖాళీ కాలేదని. పై ఆఫీసుకు అదొక అంకె. ఆ అంకె వెనక ఒక ఎండిన బోరు, ఒక అప్పు కాగితం ఉన్నాయని చెప్పగలిగేది ఇక్కడివాళ్లే. వలస కుటుంబాల పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్లు నడపడానికి వీలుంది. ఏ ఊరికి, ఏ నెలలో, ఎన్ని సీట్లు కావాలో ముందుగా లెక్క కట్టి, బడ్జెట్ మంజూరయ్యేలా వాదించడం ఒక నైపుణ్యం. ఆ నైపుణ్యం పుట్టుకతో రాదు. నేర్చుకోవాలి.

పెద్ద మార్పులు మన సీమలో పుట్టిన, లేదా తొలినాళ్లలోనే ఇక్కడ వేళ్లూనిన సందర్భాలూ ఉన్నాయి. పేద పల్లె పిల్లలకు మంచి రెసిడెన్షియల్ చదువు ఇవ్వాలన్న ఆలోచన 1971లో సర్వేల్‌లో మొదలైంది, మరుసటి ఏడాదే మన కొడిగెనహళ్లికి చేరింది. అక్కడ చదివినవాళ్లు ఎక్కడెక్కడికి ఎదిగారో జిల్లాలో తెలియనివాళ్లు తక్కువ. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ వాళ్లది ఇంకా గొప్ప సంగతి. ఒకే గది, ఒకే టీచరు, అన్ని తరగతులూ ఉన్న పల్లె బడుల కోసం పద్మనాభరావు, రమ దంపతులు కార్డులతో, మెట్లుమెట్లుగా ఎవరి వేగంతో వాళ్లు నేర్చుకునే పద్ధతి తయారుచేశారు. తమిళనాడు దాన్ని చూసి వెళ్లి, ప్రభుత్వ బడుల్లో ఏబీఎల్ పేరుతో రాష్ట్రమంతా అమలు చేసింది. ఒక పల్లె బడిలో పనిచేసిన ఉపాయం లక్షల మంది పిల్లలకు ఎలా చేరుతుంది, చేరేటప్పుడు ఎక్కడ చెడిపోతుంది? ఈ పీజీ కోర్సుల్లో రెండేళ్లూ తిరిగేది ఇలాంటి ప్రశ్నల చుట్టే.

పరిశోధన ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చెబుతాను. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 180 గ్రామాల్లో, లాటరీ తీసి కొందరు ప్రభుత్వ బడి పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు కట్టి నాలుగేళ్లు గమనించారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్ డియేగోలో ఉన్న కార్తీక్ మురళీధరన్ ఈ అధ్యయనం నడిపినవారిలో ఒకరు. చివరికి తేలిందేమిటంటే, ప్రైవేటుకు మారిన పిల్లలకు తెలుగులో, లెక్కల్లో అదనంగా వచ్చిందేమీ లేదు. హిందీలో మాత్రం మెరుగయ్యారు. అయితే ప్రైవేటు బడి ఒక్కో పిల్లవాడి మీద పెట్టే ఖర్చు ప్రభుత్వ ఖర్చులో మూడో వంతు కూడా లేదు. ప్రైవేటు గొప్పదా, సర్కారీ గొప్పదా అని రచ్చబండ మీద వాదించుకునే ఇరుపక్షాలనూ ఈ ఫలితం ఆగి ఆలోచించమంటుంది. ఇలాంటి సర్వేలకు ఊళ్లు తిరిగి పరీక్షలు పెట్టేవాళ్లు, లెక్కలు సరిచూసేవాళ్లు కావాలి. జె-పాల్ సౌత్ ఏషియా లాంటి పరిశోధన సంస్థల్లో చాలామందికి తొలి ఉద్యోగం ఈ పనితోనే మొదలవుతుంది.

ఇక ఎక్కడ చదవాలి? నన్నడిగితే మొదట బెంగళూరు అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం పేరే చెబుతాను. ఏ డిగ్రీ చేసినవాళ్లయినా అక్కడి రెండేళ్ల ఎంఏ ఎడ్యుకేషన్‌కు రాయవచ్చు. ప్రవేశ పరీక్ష, ఇంటర్వ్యూ ఉంటాయి. అన్నిటికంటే మనకు ముఖ్యమైనది, కుటుంబ ఆదాయాన్ని చూసి ఫీజులో, హాస్టల్ ఖర్చులో సాయం చేస్తారు. బాగా పేద ఇళ్ల పిల్లలకు పూర్తిగా మాఫీ అయ్యే వీలుంది. ఫీజు అంకె చూసి అక్కడే వెబ్‌సైటు మూసేయకండి. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ (టిస్) హైదరాబాద్ క్యాంపస్‌లో కూడా ఎంఏ ఎడ్యుకేషన్ ఉంది, దానికి సీయూఈటీ పీజీ ప్రవేశ పరీక్ష రాయాలి. ఢిల్లీలోని నీపా ఈ రంగానికే పుట్టిన సంస్థ. 1962లో యునెస్కో కేంద్రంగా మొదలై, 2006లో డీమ్డ్ విశ్వవిద్యాలయమైంది. విద్యాశాఖ అధికారులకు శిక్షణ, పీహెచ్‌డీ అక్కడి బలం. ఇప్పటికే టీచరుగా ఉన్నవాళ్లు ఉద్యోగం వదలక్కర్లేదు. ఇగ్నోలో ఎంఏ ఎడ్యుకేషన్, పాఠశాల నాయకత్వం మీద పీజీ డిప్లొమా దూరవిద్యలో దొరుకుతాయి. హెడ్‌మాస్టరు కాబోయే ప్రతి ఒక్కరూ ఆ డిప్లొమా చేస్తే బాగుండునని నా కోరిక.

ఒక విషయం నిక్కచ్చిగా చెప్పాలి. ఎంఏ ఎడ్యుకేషన్ పట్టా ఒక్కటే ప్రభుత్వ కొలువు తెచ్చిపెట్టదు. ఎంఈఓ పోస్టులు ఎక్కువగా ప్రమోషన్ల మీద నిండుతాయి. 2023 డిసెంబరులో ఏపీపీఎస్సీ 38 ఉప విద్యాధికారి పోస్టులకు ప్రకటన ఇచ్చినప్పుడు పీజీతో పాటు బీఈడీ అడిగింది. బీఈడీ కళాశాలలో లెక్చరరు కావాలంటే చాలావరకు ఎంఈడీ అడుగుతారు. అందుకే సర్కారు వైపు చూపున్నవాళ్లు బీఈడీని పక్కన పెట్టొద్దు. స్వచ్ఛంద సంస్థల్లో, పరిశోధనలో, కంపెనీల సామాజిక బాధ్యత విభాగాల్లో, పరీక్షల రూపకల్పనలో మాత్రం ఈ చదువుకు నేరుగా గిరాకీ ఉంది. 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురం వచ్చి మొదలుపెట్టిన ఆర్డీటీ పల్లెల్లో చదువు మీద ఎంత పని చేసిందో మీకు తెలిసిందే. ఆ తరహా పనికి పద్ధతిగా చదువుకున్న స్థానికులు కావాలి.

డిగ్రీ అయిన వెంటనే దూకొద్దని కూడా నా సలహా. రెండేళ్లు ఏదైనా బడిలో గడపండి. టీచ్ ఫర్ ఇండియా ఫెలోషిప్ హైదరాబాదులో ఉంది, పిరమల్ వాళ్ల గాంధీ ఫెలోషిప్ ఉంది. రెండూ రెండేళ్లే, నెలనెలా భృతి ఇస్తారు. లేదంటే మీ ఊళ్లోనే సాయంత్రం బడి నడపండి. క్లాసులో నలభై మందిని ఎదుర్కొన్నవాళ్లకు సిద్ధాంతం చదివేటప్పుడు పట్టు చిక్కుతుంది. ఆ అనుభవం విదేశాలకూ పనికొస్తుంది. బ్రిటన్‌లో ఏడాది మాస్టర్స్‌కు పూర్తి ఖర్చు భరించే చీవెనింగ్ స్కాలర్‌షిప్ రెండేళ్ల పని అనుభవం అడుగుతుంది. కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లో ఎస్సీలతో పాటు భూమిలేని వ్యవసాయ కూలీల, సంప్రదాయ చేతివృత్తుల కుటుంబాలకూ చోటుంది. ఉరవకొండ మగ్గాల ఇళ్ల పిల్లలు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

ఇంగ్లిషు గురించి భయం సహజమే. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు మొదటి సెమిస్టరు కష్టంగానే గడుస్తుంది. ఇప్పటి నుంచే విద్యాహక్కు చట్టం 2009ని తెలుగులో ఒకసారి, ఇంగ్లిషులో ఒకసారి పక్కపక్కన పెట్టుకుని చదవండి. చిన్న చట్టమే. మాట అర్థమయ్యాక మీ బడికి అన్వయించి చూడండి. తల్లిదండ్రుల కమిటీలో మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలంటుంది, మీ ఊళ్లో ఉన్నారా? ప్రాథమిక బడిలో ముప్పై మందికి ఒక టీచరు ఉండాలంటుంది, ఉన్నారా? ఇంటర్వ్యూలో ఆ జవాబులకున్న విలువ నున్నటి ఇంగ్లిషుకు లేదు. మనవాళ్లలో చాలామందికి కన్నడం కూడా వచ్చు. కలబురగి, యాదగిరి వైపు అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ చేస్తున్న పనికి తెలుగు, కన్నడం రెండూ వచ్చినవాళ్లు సులువుగా కుదురుకుంటారు. దరఖాస్తులో ఆ సంగతి తప్పక రాయండి.

సీయూఈటీ పీజీ మార్చిలో జరుగుతోంది, దానికి దరఖాస్తులు అంతకు రెండు మూడు నెలల ముందే మొదలవుతాయి. కాబట్టి దసరా సెలవుల్లోనే కూర్చుని, ఈ చదువు నాకెందుకు అన్న వ్యాసం తెలుగులో రాసుకోండి, ఆ తర్వాతే ఇంగ్లిషులోకి తెచ్చుకోండి. ఆదాయ, కుల ధ్రువీకరణ పత్రాలకు సచివాలయంలో ముందే అర్జీ పెట్టుకోండి. ఆర్థిక సాయం అడిగేచోట ఇంటి పరిస్థితిని దాచకండి. అప్పు ఉంటే అప్పు, ఎండిన బోర్లు ఎన్నుంటే అన్ని, ఉన్నదున్నట్టు కాగితం మీద పెట్టండి.