ద్రాక్షతోటలో అందరికీ పని ఉంది



మత్తయి సువార్త 20వ అధ్యాయంలోని ద్రాక్షతోట కూలీల ఉపమానం మనమందరం ఎన్నోసార్లు విన్నదే. సాయంకాలం ఐదు గంటలైనా అంగడి వీధిలో కొందరు ఖాళీగా నిలబడి ఉన్నారు. ఎందుకని యజమాని అడిగితే వారిచ్చిన జవాబును మనం అంతగా పట్టించుకోము. వారు సోమరులు కారు. వారిని పనికి పిలిచినవారు లేరు, అంతే. యజమాని పిలిచాడు, వారు వెళ్ళారు.

మన విచారణల్లో కూడా ఇలా నిలబడిపోయిన పిల్లలున్నారు. కొందరికి మాట సరిగా రాదు. కొందరికి లెక్క అందదు. కొందరు ఆటిజం వల్ల ఎదుటివారి కళ్ళలోకి చూడరు, చిన్న చప్పుడుకే చెవులు మూసుకుంటారు. రెండు మూడు తరగతులు చదివి, బడి మానేసి, ఇంటి వెనుక గదికే పరిమితమైనవారు ఉన్నారు. ఆదివారం పూజకు తల్లిదండ్రులు వస్తారు, ఆ బిడ్డ రాడు. "వాడికేం తెలుస్తుంది పాపం" అని బంధువులంటారు. తల్లికి మాత్రం ఒకటే బెంగ: "మా తరువాత వీడి గతి ఏమిటి?"

ఈ ప్రశ్నకు పూర్తి జవాబు ఒక వ్యాసంలో దొరకదు. కాని జవాబుకు దారితీసే ఒక మార్గముంది. అది పొలం ద్వారా, పశువుల ద్వారా, మొక్కల ద్వారా నేర్పే విద్య. బెల్జియం దేశంలోని ఒక కతోలిక పట్టణం వందల ఏళ్ళ క్రితమే ఈ దారిన నడిచింది. ముందుగా ఆ కథ తెలుసుకుందాం.

గేల్ పట్టణం

బెల్జియం ఉత్తర భాగంలో, ఆంట్‌వెర్ప్ పరగణాలో, గేల్ అనే పట్టణముంది. అక్కడి ప్రజలు పునీత దింఫ్నాను తమ పాలక పునీతురాలిగా గౌరవిస్తారు. సంప్రదాయం ప్రకారం దింఫ్నా 7వ శతాబ్దపు ఐర్లండ్ రాజకుమార్తె. తల్లి మరణం తరువాత తండ్రికి మతి చలించింది. ఆయన అన్యాయపు కోర్కె నుండి తప్పించుకొని, ఆమె తన గురువుతో కలసి సముద్రం దాటి గేల్ చేరింది. తండ్రి వెదుక్కుంటూ వచ్చి అక్కడే ఆమెను చంపాడు. మనోవ్యాధితో బాధపడేవారు ఆమె సమాధి వద్ద స్వస్థత కోసం ప్రార్థించసాగారు. 14వ శతాబ్దంలో అక్కడ ఆమె పేర పెద్ద దేవాలయం నిర్మాణం మొదలైంది.

దూర ప్రాంతాల నుండి కుటుంబాలు తమ రోగులను తీసుకొని వచ్చి, నవదిన ప్రార్థనలు చేసేవారు. దేవాలయం ప్రక్కన రోగుల కోసం కట్టిన గదులు చాలలేదు. అప్పుడు చుట్టుప్రక్కల రైతులు వారిని తమ ఇండ్లలో ఉంచుకోవడం ప్రారంభించారు. తొమ్మిది రోజులు గడిచినా కొందరికి నయం కాలేదు. వారు రైతు ఇంటనే ఉండిపోయారు. వారిలో మనోవ్యాధి గలవారే కాక, బుద్ధి ఎదుగుదల తక్కువైనవారు కూడా ఉండేవారు.

ఆ ఇండ్లలో వారికి ఏ చికిత్స దొరికింది? అప్పట్లో మందులు లేవు. దొరికింది బల్ల దగ్గర ఒక కుర్చీ, పొలంలో ఒక పని. ఆవులను తోలుకెళ్ళడం, గడ్డి వేయడం, బంగాళాదుంపలు ఏరడం, పసిబిడ్డను ఆడించడం, ఎవరికి చేతనైనది వారు చేశారు. గేల్ ప్రజలు వారిని "రోగి" అని పిలవరు. తమ ఇంట భోజనం చేస్తూ ఉండే మనిషి అనే అర్థమిచ్చే మాటతో పిలుస్తారు. కుటుంబానికి సాధారణంగా వ్యాధి పేరు కూడా చెప్పరు. ఆ మనిషికి ఏది ఇష్టం, ఏది భయం, ఏ సాయం కావాలి అన్నదే చెబుతారు.

1850లో బెల్జియం ప్రభుత్వం ఈ ఏర్పాటును తన పర్యవేక్షణలోకి తీసుకొంది. వైద్యుల తనిఖీ, ఉంచుకొన్న కుటుంబానికి భత్యం ఏర్పాటయ్యాయి. 1930ల చివరినాటికి గేల్ ఇండ్లలో ఇలా నివసించేవారు 3,700 మందికి పైగా ఉన్నారు. తల్లి చూసుకొన్న మనిషిని తల్లి తరువాత కూతురు చూసుకొన్న ఇండ్లు ఎన్నో ఉన్నాయి. "మా తరువాత ఎవరు?" అన్న ప్రశ్నకు ఒక ఊరు ఊరంతా కలసి ఇచ్చిన జవాబు ఇది. 2023లో యునెస్కో సంస్థ ఈ సంప్రదాయాన్ని కాపాడుకొంటున్న తీరును ఆదర్శవంతమైనదిగా గుర్తించింది.

కాలం మారింది. యంత్రాలు వచ్చి చిన్న పొలాల పనులు తగ్గాయి. ఇండ్లు చిన్నవయ్యాయి, స్త్రీలు బయటి ఉద్యోగాలకు వెళ్ళసాగారు, మంచి మందులు వచ్చాయి. గేల్ ఇండ్లలోని అతిథుల సంఖ్య బాగా తగ్గిపోయింది. అయితే అదే ఆలోచన మరో రూపంలో తిరిగి వచ్చింది. పొరుగున ఉన్న నెదర్లాండ్స్‌లో రైతులు తమ పొలాలను వారంలో కొన్ని రోజులు ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు, యువకులకు, వృద్ధులకు తెరిచారు. వీటిని సంరక్షణ పొలాలు అంటారు. 1998లో అటువంటివి సుమారు 75 ఉండేవి. తరువాతి ఇరవై ఏళ్ళలో వాటి సంఖ్య వెయ్యి దాటింది.

పొలం ఏమి నేర్పుతుంది?

మొదటిది, పొలంలో పని నిజమైనది. తరగతిలో పూసలు గుచ్చిన పిల్లవాడి ముందే కొన్నిచోట్ల ఆ పూసలు విప్పేసి, మళ్ళీ గుచ్చమంటారు. తన పని ఎవరికీ అక్కరలేదని వాడికి అర్థమవుతుంది. కోడికి నీళ్ళు పెట్టకపోతే మాత్రం కోడి దాహంతో ఉంటుంది. పెడితే పరుగున వచ్చి తాగుతుంది. "నేను చేసినది అవసరమైంది" అని పిల్లవాడు కళ్ళారా చూస్తాడు.

రెండవది, పొలానికి ఒక క్రమముంది. పొద్దున మేత, సాయంత్రం పాలు, నాటిన కొన్నాళ్ళకు మొలక. రేపు ఏమి జరుగుతుందో తెలియక కంగారుపడే పిల్లలకు ఈ క్రమం ధైర్యమిస్తుంది.

మూడవది, పశువు ఎగతాళి చేయదు. మాట తడబడినా ఆవు నవ్వదు. మనుషుల ముందు నోరు విప్పని పిల్లలు కొందరు దూడను పేరు పెట్టి పిలుస్తారు. మాటకు అదే ఆరంభం కావచ్చు.

నాలుగవది, చదువు చేతికి అందుతుంది. గుడ్లు లెక్కపెట్టడం కూడిక. తవుడు కొలవడం తూనికలు. నాటిన తేదీని గోడమీది కాలెండరులో గుర్తుపెట్టడం రోజులు, వారాలు. తోటకూర కట్టలు అమ్మి చిల్లర తీసుకోవడం డబ్బు పాఠం.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. పొలం మందు కాదు. మేధో వైకల్యం, ఆటిజం జ్వరంలా వచ్చి పోయే జబ్బులు కావు. మూర్ఛకు డాక్టరు ఇచ్చిన మాత్రలు పొలం చూసి మానరాదు. బడికి బదులుగా పొలానికి పంపడం కూడా కాదు. చదువుతోబాటు, వైద్యంతోబాటు, పొలం ఒక గురువు.

ఎలా నేర్పాలి?

నేర్పడానికి ఎకరాలు అక్కరలేదు. పెరట్లో రెండు ఆకుకూర మళ్ళు, నాలుగు కోళ్ళు ఉన్నా చాలు. పట్నంలో ఉన్నవారికి మేడమీద కుండీలు చాలు. అక్కరకు వచ్చేది పద్ధతి.

పనిని చిన్న ముక్కలుగా విడదీయండి. "కోళ్ళకు మేత వేయి" అనేది మనకు ఒక్క పని, పిల్లవాడికి ఎనిమిది పనులు. డబ్బా తీసుకోవడం, బస్తా దగ్గరకు వెళ్ళడం, ఒక డబ్బా నూకలు నింపడం, గూటి దగ్గరకు నడవడం, చల్లడం, నీళ్ళు పోయడం, డబ్బా చోటులో పెట్టడం, చేతులు కడుక్కోవడం. ఒక్కో మెట్టుకు ఒక బొమ్మ గీసి వరుసగా గోడకు అంటించండి. ఏడు మెట్లు మీరు చేసి, చివరి మెట్టు వాడిచేత చేయించండి. పని పూర్తిచేసిన సంతోషం వాడిదవుతుంది. అది వచ్చాక చివరి రెండు మెట్లు, తరువాత మూడు. ఇలా వెనుక నుండి ముందుకు రండి.

సాయం మెల్లగా తగ్గించండి. మొదట చెయ్యి పట్టుకొని చేయించండి. తరువాత వేలితో చూపండి. తరువాత మాటతో చెప్పండి. చివరకు మౌనంగా నిలబడండి. చెప్పిన వెంటనే చేయలేదని మీరే చేసేయకండి. మనసులో పది లెక్కపెట్టి వేచి ఉండండి. ఆ పది అంకెల ఓర్పు చాలామంది తల్లిదండ్రులకు అన్నిటికంటె కష్టమైన పాఠం.

మెచ్చుకొనేటప్పుడు "మంచివాడివి" అని ఊరుకోక, "కోడికి నీళ్ళు నిండుగా పోశావు" అని చేసిన పనిని పేరుపెట్టి చెప్పండి. మట్టి తగిలితే ఏడ్చే బిడ్డకు చేతి తొడుగులు ఇవ్వండి. మోటారు చప్పుడు భరించలేని బిడ్డను మోటారు ఆగాక తీసుకువెళ్ళండి. కలుపు తీయడం తేలికని మొదట అదే ఇస్తారు కొందరు. మొక్కకు, కలుపుకు తేడా గుర్తించడం నిజానికి కష్టం. నీళ్ళు పోయడం, ఏరడం, మోయడం వంటి వాటితో ఆరంభించండి.

జాగ్రత్తలు

బావికి, నీటి తొట్టికి గట్టు లేదా మూత ఉండాలి. మూర్ఛ వచ్చే బిడ్డను నీటి దగ్గర, యంత్రాల దగ్గర, చెట్టుపైన ఒంటరిగా వదలరాదు. పురుగుమందులు తాళం వేసిన చోట ఉంచాలి. మందు కొట్టిన పొలంలోకి ఆ రోజుల్లో పిల్లలను తీసుకుపోరాదు. ధనుర్వాతం టీకా వేయించాలి. పశువులను, కోళ్ళను ముట్టిన తరువాత సబ్బుతో చేతులు కడుక్కోవడం పనిలో చివరి మెట్టుగా అలవాటు కావాలి. ఎండవేళ మానుకొని పొద్దున, సాయంత్రం చేయించాలి.

అన్నిటికంటె పెద్ద జాగ్రత్త ఒకటుంది. పని వేరు, చాకిరీ వేరు. ఎదురు చెప్పలేని బిడ్డ దొరికాడు కదా అని పేడ తట్టలన్నీ వాడి నెత్తిన పెట్టడం పాపం. తేడా తెలుసుకోవడానికి మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ పనిలో వాడు ఏమైనా నేర్చుకుంటున్నాడా? వద్దు అనే అవకాశం వాడికుందా? లాభం వస్తే వాడి వాటా వాడికి అందుతోందా? పధ్నాలుగేళ్ళ లోపు పిల్లలను కూలికి పెట్టడం చట్టరీత్యా నేరమని కూడా మరువరాదు. ద్రాక్షతోట యజమాని ఆలస్యంగా వచ్చినవారికి కూడా పూర్తి కూలి ఇచ్చాడని గుర్తుంచుకోండి.

హక్కులు తెలుసుకోండి

2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వాటిలో మేధో వైకల్యం, ఆటిజం ఉన్నాయి. 40 శాతం, అంతకు మించి వైకల్యం ధ్రువీకరించబడిన పిల్లలకు 6 నుండి 18 ఏళ్ళ వరకు ఉచిత విద్య హక్కుగా లభిస్తుంది. కనుక మొదట ధ్రువపత్రం తీసుకోండి. దానిని సిగ్గుగా భావించి దాచుకొనేవారు బిడ్డ హక్కును దాచినట్లే.

1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం, ఆటిజం, మస్తిష్క పక్షవాతం, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు గలవారికి 18 ఏళ్ళు నిండిన తరువాత చట్టబద్ధమైన సంరక్షకుని నియమించుకోవచ్చు. దీనికి జిల్లా స్థాయి కమిటీకి దరఖాస్తు చేయాలి. ఇక సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984 నుండి మేధో వైకల్యం గలవారి కోసం జాతీయ సంస్థ ఉంది. పరీక్షలు, సలహా, తల్లిదండ్రులకు శిక్షణ వంటివాటికి తెలుగు కుటుంబాలు అక్కడికి వెళ్ళవచ్చు.

విచారణ చేయగలిగినది

గేల్ పట్టణంలో ఈ పనిని మొదలుపెట్టినది పండితులు కారు, రైతులు. వారికి తెలిసినదల్లా ఇంటికి వచ్చినవారికి చోటివ్వడం. మన దేవాలయాల ఆవరణల్లోనూ ఎంతో కొంత ఖాళీ నేల ఉంటుంది. అక్కడ ఒక పూలమడి వేసి, పీఠానికి పెట్టే పూలు ఆ పిల్లలచేత పెంచి కోయిస్తే, పూజకు రాని బిడ్డ పూలబుట్టతో వస్తాడు. ఆ బిడ్డ దేవాలయంలో మధ్యలో గట్టిగా అరిచినా వెనుదిరిగి చూడకుండా ఉండడం మిగతావారి వంతు.

ఆదికాండం 2వ అధ్యాయంలో దేవుడు నరుని తోటలో ఉంచి, దానిని సాగుచేసి కాపాడే పని అప్పగించాడు. ఆ పనికి ముందుగా ఎవరి తెలివినీ పరీక్షించలేదు.

కుటుంబంలో చర్చించుకొనుటకు:

1. మన బంధువులలో, ఇరుగుపొరుగులో ఇంటికే పరిమితమైన బిడ్డ ఎవరైనా ఉన్నారా? ఆ ఇంటికి మనం చివరిసారి ఎప్పుడు వెళ్ళాం?

2. మన ఇంట్లో, పెరట్లో, పొలంలో ఆ బిడ్డ చేయగల నిజమైన పని ఒకటి ఏది? దానిని ఎన్ని మెట్లుగా విడదీయవచ్చు?

3. మన ఇంటి బిడ్డే అయితే, మన తరువాత వాడిని పేరుపెట్టి పిలిచి, వాడికి పని, అన్నం, చోటు ఇవ్వగల ముగ్గురు ఎవరు? వారితో ఈ విషయం మాట్లాడామా?

మూడవ ప్రశ్నకు జవాబు దొరకని కుటుంబాలు దిగులుపడి ఊరుకోక, విచారణ గురువులతోను, ఉపదేశితోను మాట్లాడండి. సాయంకాలం ఐదు గంటలకు కూడా యజమాని కూలీల కోసం బయటికి వెళ్ళాడు. మనకింకా పొద్దుంది.